మరణము తరువాత బయలుపడిన దోషము: జీవితచరిత్రలో దానిని ఎట్లు వ్రాయవలెను?

వేదపాఠము: 2 సమూయేలు 11, 12 అధ్యాయములు, 1 దినవృత్తాంతములు 20:1–3, 1 తిమోతి 5:19–25, హెబ్రీయులకు 13:7



పనిమీద హైదరాబాదు వెళ్లి నాంపల్లి స్టేషనులో రైలు దిగువారు అబిడ్సుకు నడిచియే పోవచ్చును. ఆదివారమున అక్కడి పెద్ద దుకాణములు అనేకము మూసియుండును. వాటి యెదుట కాలిబాటమీద పాతపుస్తకములు అమ్మువారు పట్టాలు పరచి పుస్తకములు కుప్పలుగా పోయుదురు. బడిపుస్తకములు, నవలలు, నిఘంటువులు, వాటి నడుమ గొప్పవారి జీవితచరిత్రలును దొరకును. వెల తక్కువ గనుక మన పిల్లలకొరకు కొని తెచ్చుకొనుట మంచిదే.

అయితే పాత జీవితచరిత్రకు ఒక కొరత కలదు. అది అచ్చయిన దినమున లోకమునకు ఎంత తెలియునో అంతే దానికిని తెలియును. ఆ మనుష్యుడు చనిపోయిన తరువాత అతనినిగూర్చి ఏమి బయలుపడెనో ఆ పుటలు చెప్పలేవు. అమ్మువానికి తెలియదు, కొన్నవానికిని తెలియకపోవచ్చును. గొప్పవాడని పేరుపొంది, గౌరవముతో పాతిపెట్టబడి, తరువాత అపకీర్తి పాలైనవాని చరిత్రను ఇకమీదట వ్రాయువారు ఎట్లు వ్రాయవలెను? చదువువారు ఎట్లు చదువవలెను? ఈ నెల మన పాఠము ఇదియే.

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కొందరి దోషములు వారు బ్రదికియుండగానే అందరికిని కనబడుననియు, మరికొందరివి ఆలస్యముగా వెనుకనుండి వచ్చి వారిని కలిసికొనుననియు పౌలు తిమోతిని హెచ్చరించెను. సంఘ పెద్దలను ఏర్పరచుటనుగూర్చి చెప్పుచు ఆయన ఈ మాట వ్రాసెను. కాబట్టి ఇది సంఘమునకు ముఖ్యమైన విషయము.

1. మన కాలములో జరిగిన సంగతి

రవి జకరయస్ 1946 మార్చి 26న మద్రాసులో పుట్టి ఢిల్లీలో పెరిగెను. పదునేడేండ్ల ప్రాయమున ప్రాణము తీసికొనబోయి, ఆసుపత్రిలో ఉన్నప్పుడు యోహాను సువార్త 14వ అధ్యాయమువలన విశ్వాసములోనికి వచ్చితినని తానే చెప్పుకొనెను. 1966లో కెనడాకు వెళ్లెను. 1984లో తన పేరిటనే ఒక పరిచర్య సంస్థను స్థాపించెను. విశ్వాసమునుగూర్చి చదువుకొన్నవారు వేయు కఠినమైన ప్రశ్నలకు ఉత్తరము చెప్పుటలో గొప్ప పేరు పొందెను. విశ్వవిద్యాలయములలో ప్రసంగించెను, అనేక గ్రంథములు వ్రాసెను. మన దక్షిణదేశమున పుట్టినవాడు లోకమంతట నిలిచి మాటలాడుచున్నాడని పట్టణ సంఘముల యౌవనస్థులు సంతోషించిరి.

2020 మే 19న అతడు కాన్సరు వ్యాధితో చనిపోయెను. స్మారక ఆరాధనలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ సైతము అతనిని కొనియాడెను. ఆ సంవత్సరము సెప్టెంబరులోనే క్రిస్టియానిటీ టుడే అను పత్రిక మరియొక సంగతి ప్రకటించెను. అతడు భాగస్వామిగానున్న రెండు మర్దన చికిత్సశాలలలో పనిచేసిన స్త్రీలు, అతడు తమయెడల లైంగికముగా దుర్మార్గముచేసెనని చెప్పిరి. సంస్థవారు మొదట నమ్మలేదు. పిమ్మట న్యాయవాదుల సంస్థ యొకదానిని విచారణకు నియమించిరి. 2021 ఫిబ్రవరిలో నివేదిక వెలువడెను. స్త్రీలు చెప్పినది నిజమేయని అందులో తేలెను. ఒక స్త్రీ తనను అతడు బలాత్కరించెనని సాక్ష్యమిచ్చెను. బీదలకు సహాయముచేయుటకని చెప్పబడిన నిధినుండి మర్దనచేయు స్త్రీలు కొందరికి ధనము వెళ్లినట్లును కనబడెను.

సంస్థవారు బహిరంగముగా క్షమాపణ వేడుకొనిరి. అతనికి బోధకుడుగా అధికారమిచ్చిన సంఘశాఖ మరణానంతరమే ఆ అధికారమును రద్దుచేసెను. అతని గ్రంథములను ముద్రించిన పెద్ద ప్రచురణకర్తలు వాటిని ఇకమీదట అచ్చువేయమనిరి.

ఆ నివేదికలో ఒక మాట మనము మరువరానిది. నోరు తెరచినయెడల నా పేరు చెడును, నా పేరు చెడినయెడల లక్షల ఆత్మలు నశించును, ఆ పాపము నీదే యగునని అతడు ఒక స్త్రీని భయపెట్టెనట. అనగా ఆమె నోరు మూయుటకు అతని మంచిపేరునే ఆయుధముగా వాడెను. కాబట్టి "సువార్త నిమిత్తము ఆయన పేరు కాపాడుదము" అనువారు, ఎరుగకయే, అతడు ఆమెతో చెప్పిన మాటనే తిరిగి పలుకుచున్నారు. చరిత్ర వ్రాయువాడు కలము పట్టకముందు దీనిని తలంచుకొనవలెను.

2. మూడు తప్పు దారులు

మొదటి దారి దాచుట. పుట్టెను, మారెను, సేవచేసెను, మహిమలో ప్రవేశించెను అని వ్రాసి ముగించుట. ఇట్టి పుస్తకమును ఆ స్త్రీలలో ఒకతె తెరచినయెడల, తనకు జరిగినది ఏమియు కాదని సంఘము చెప్పినట్లే యుండును.

రెండవ దారి తోక తగిలించుట. మున్నూరు పుటలు పొగడి, కడపటి పుటలో "మరణానంతరము కొన్ని ఆరోపణలు వచ్చెను" అని ఒక వాక్యము చేర్చుదురు. ఇది అబద్ధము కాదు గాని సత్యమును కాదు. ఏలయనగా ఆ పనులు మరణానంతరము జరుగలేదు. మరణానంతరము తెలిసినవి, అంతే. ప్రసంగములు చేసిన సంవత్సరములలోనే, స్తోత్రములు అందుకొనిన నెలలలోనే అవి జరిగెను. తెలిసిన దినమునకు వాటిని త్రోసివేసినయెడల, బ్రదికిన దినములు కళంకము లేనివని చదువరి తలంచును.

మూడవ దారి తుడిచివేయుట. ఆ పేరే లేనట్లు చేయుట. ఇంగ్లండులో జిమ్మీ సావిల్ అను ప్రసిద్ధ వినోదకుడు 2011 అక్టోబరులో చనిపోయెను. మరుసటి సంవత్సరము అతడు అనేకమంది పిల్లలను, స్త్రీలను చెరిపిన సంగతి బయటికి వచ్చెను. అతని కుటుంబము కోరగా, కొద్దిదినములకు ముందే నిలిపిన సమాధిశిలను 2012 అక్టోబరులో తీసివేసిరి. సమాధిశిల పొగడ్తకొరకు నిలుపబడునది గనుక దానిని తీయుట న్యాయమే. అయితే శిల వేరు, చరిత్ర వేరు. చరిత్రను తీసివేసినయెడల, ఆస్పత్రులలోను ఆశ్రమములలోను అతనికి తలుపులు ఎట్లు తెరువబడెనో తరువాతి తరమునకు ఎవరు చెప్పుదురు? పేరును మాన్పవచ్చును గాని సాక్ష్యమును మాన్పరాదు.

3. ఒకే రాజు, రెండు చరిత్రలు

పరిశుద్ధ గ్రంథములో దావీదు చరిత్ర రెండు మారులు వ్రాయబడినది. వాటిని పక్కపక్కన పెట్టి చదువుడి.

దినవృత్తాంతముల మొదటి గ్రంథము 20వ అధ్యాయములో, రాజులు యుద్ధమునకు బయలుదేరు కాలమున యోవాబు రబ్బాను ముట్టడించెననియు, దావీదు యెరూషలేములో నిలిచెననియు ఉన్నది. వెంటనే రబ్బా రాజు కిరీటము దావీదు తలమీదికి వచ్చును. నడుమ ఏమియు లేదు. సమూయేలు రెండవ గ్రంథములోనైతే ఆ నడుమ 11, 12 అధ్యాయములు ఉన్నవి. మిద్దెమీద నడచుట, బత్షెబను పిలువనంపుట, ఊరియాను రప్పించుట, ఉత్తరము వ్రాసి అతని చేతికే ఇచ్చుట, యుద్ధము ముమ్మరముగానున్న చోట అతనిని నిలుపుట, నాతాను వచ్చుట, అన్నియు ఉన్నవి. పాపము జరిగిన స్థలముననే, జరిగిన కాలముననే వ్రాయబడినది. అది తోక కాదు. చరిత్ర నడిమధ్యనే ఉన్నది.

దినవృత్తాంతముల గ్రంథకర్త అబద్ధమాడెనని మనము చెప్పము. ఆలయమును, ఆరాధనను ముఖ్యముగా చూపుటకు ఆయన వ్రాసెను. తక్కిన సంగతి సమూయేలు గ్రంథమున ఇశ్రాయేలీయులు చదువుచునే యుండిరి. దేవుని జనులు ఆ రెండింటిని ఒకే గ్రంథములో ఉంచుకొనిరి, మొదటిదానిని చింపివేయలేదు. అదియే గమనింపదగినది.

మరి మూడు చోట్ల చూడుడి. దావీదు శూరుల పట్టిక 2 సమూయేలు 23వ అధ్యాయములో ఉన్నది. అది ఎవరి పేరుతో ముగియుచున్నది? హిత్తీయుడైన ఊరియా పేరుతో. రాజు ఘనత చెప్పు పట్టికలోనే, రాజు చంపించినవాని పేరు కడపట నిలిచినది. 1 రాజులు 15:5లో దావీదు యథార్థతను మెచ్చుకొనునప్పుడు ఊరియా సంగతి తప్ప అని మినహాయింపు చేర్చబడినది. మత్తయి 1:6లో మన ప్రభువు వంశావళి చెప్పునప్పుడు బత్షెబ పేరు చెప్పక, ఆమెను ఊరియా భార్యగానే గుర్తుచేసెను. వేయి సంవత్సరముల తరువాతను బాధింపబడినవాని పేరు విడువబడలేదు.

ఒక భేదమును ఒప్పుకొనవలెను. దావీదు బ్రదికియుండగానే నాతాను వచ్చెను. దావీదు తన పాపమును ఒప్పుకొనెను. చనిపోయినవాడు ఒప్పుకొనలేడు, నిరాకరింపలేడు. అందుచేత మనము మరింత జాగ్రత్తగా వ్రాయవలెను.

4. వ్రాయువారికి ఆరు నియమములు

ఒకటి: ఏది ఏ సంవత్సరమున జరిగెనో ఆ సంవత్సరముననే వ్రాయుడి. జకరయస్ 2017లో తనమీద ఒక స్త్రీ చెప్పిన మాటను బహిరంగముగా నిరాకరించెను. నిజమైన చరిత్రలో అది 2017 అధ్యాయమున ఉండవలెను. 2021లో తేలిన సంగతి తన స్థానమున ఉండవలెను. అప్పుడు చదువరి ఆ నిరాకరణను ఎట్లు తీసికొనవలెనో తానే గ్రహించును.

రెండు: ఎవరు తేల్చిరో, ఎట్లు తేల్చిరో చెప్పుడి. చనిపోయినవానిని ఏ న్యాయస్థానమును విచారించి శిక్షింపదు. కాబట్టి "కోర్టు దోషిగా తీర్చెను" అని వ్రాయుట తప్పు. "సంస్థ నియమించిన న్యాయవాదులు సాక్షులను విచారించి తేల్చిరి" అని వ్రాయుట ఒప్పు. అనుమానము, ఆరోపణ, విచారణలో తేలినది, న్యాయస్థానపు తీర్పు, ఈ నాలుగును నాలుగు వేరు మాటలు. ఇద్దరు ముగ్గురు సాక్షులు లేక పెద్దమీద దోషారోపణ అంగీకరింపవద్దని పౌలు చెప్పినది ఈ అధ్యాయములోనే. నిలిచిన దోషమును అందరియెదుట గద్దింపుమనియు అక్కడనే చెప్పెను.

అబిడ్సు అను పేరే ఇందుకు ఒక పాఠము నేర్పును. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ అబిద్ అను సేవకుడుండెను. అతని దుకాణము అక్కడ నుండుటవలన ఆ చోటికి ఆ పేరు వచ్చెను. 1891లో సిమ్లాలోని రత్నవర్తకుడు అలెగ్జాండర్ జేకబ్ నిజాముకు ఒక గొప్ప వజ్రమును అమ్మజూపగా, ఆ బేరములో అబిద్ మధ్యవర్తిగా నుండెను. బేరము చెడెను, జేకబుమీద నేరము మోపబడి వ్యాజ్యెము కలకత్తా హైకోర్టులో నడచెను. న్యాయస్థానము జేకబును నిర్దోషియని విడిచిపెట్టెను. అయినను అతని వర్తకము తిరిగి లేవలేదు. 1921లో బొంబాయిలో బీదవాడై చనిపోయెను. నేరము మోపబడెనని వ్రాసి, విడుదలయాయెనని వ్రాయని చరిత్రకారుడు జేకబును రెండవసారి చెరుపుచున్నాడు. దోషమును దాచుట ఎంత అన్యాయమో, తేలని దోషమును అంటగట్టుట అంతే అన్యాయము.

మూడు: ఉన్నమాటను ఉన్న పేరుతో పిలువుడి. "బలహీనత", "కాలు జారుట", "మానవసహజమైన పొరపాటు" అను మాటలు వ్రాయవలదు. అధికారము గలవాడు తనకు లోబడిన స్త్రీని చెరిపినయెడల అది వ్యభిచారము అనుటయు చాలదు. ఆ మాట ఆమెను కూడ పాపములో భాగస్థురాలిని చేయును. నాతాను చెప్పిన ఉపమానములో గొఱ్ఱెపిల్లమీద నేరము లేదు. దానిని పట్టుకొనిపోయిన ధనవంతునిమీదనే ఉన్నది.

తెలుగున వ్రాయువారికి మరియొక చిక్కు కలదు. నిన్నటివరకు "ఆయన" అన్నవానిని నేడు "వాడు" అనుటకు మన నాలుక తొందరపడును. మన తెలుగు బైబిలు దావీదును గొల్యాతు నెదిరించినప్పుడును "అతడు" అనెను, ఊరియాను చంపించినప్పుడును "అతడు" అనెను. ఆ మాట చాలును. పైకెత్తకయు, క్రిందికి త్రోయకయు మొదటినుండి కడవరకు ఒకే సర్వనామముతో వ్రాయుట మంచిది.

నాలుగు: బాధింపబడినవారిని మనుష్యులనుగా చూపుడి. వారి పేర్లు, ఊర్లు వారి అనుమతి లేక చెప్పరాదు. అయితే వారు ఎవరిని నమ్మి వచ్చిరి, ఎవరితో మొరపెట్టుకొనిరి, వినువారు వారికి ఏమి చెప్పిరి, ఇవి చరిత్రలో ఉండవలెను. గొప్పవాని గొప్పతనమునకు కలిగిన మచ్చగా మాత్రమే వారిని చూపరాదు.

ఐదు: ఆ దోషము ఇంతకాలము ఎట్లు దాగెనో చెప్పుడి. జీవితచరిత్రవలన సంఘమునకు ముఖ్యమైన ప్రయోజనము ఇదియే. జాన్ వన్యే అను కెనడా దేశస్థుడు 1964లో ఫ్రాన్సులో, బుద్ధిమాంద్యము గలవారితో కలిసి జీవించు లార్ష్ అను సహవాసమును ఆరంభించెను. బెంగుళూరులోని ఆశానికేతన్ ఆ కోవలోనిదే. 2019 మేలో అతడు చనిపోయెను. లోకమంతయు పరిశుద్ధుడని పొగడెను. 2020 ఫిబ్రవరిలో ఆ సహవాసమువారే విచారణ చేయించి, ఆత్మసంబంధమైన ఆలోచన చెప్పు నెపమున అతడు ఆరుగురు స్త్రీలను చెరిపెనని ప్రకటించిరి. 2023లో వెలువడిన పెద్ద నివేదికలో ఆ లెక్క కనీసము ఇరువదియైదుగురికి పెరిగెను. అతని గురువైన యాజకుడు ఇట్టి దుర్మార్గమునకే 1956లో తన సభవారిచేత శిక్షింపబడెననియు, అది వన్యే ఎరిగియుండియు ఎరుగనట్లు మాటలాడెననియు విచారణలో తేలెను. చూచితిరా? ఈ వరుస చెప్పని చరిత్ర, తరువాతి సంఘమును కాపాడలేదు.

ఆరు: నిజముగా జరిగిన మేలును కొట్టివేయకుడి, దానిని త్రాసులోను పెట్టకుడి. లార్ష్ గృహములలో ఆదరణ పొందినవారు నిజముగా ఆదరణ పొందిరి. అది వ్రాయవలెను. అయితే "ఇంత మేలుచేసెను గనుక అంత కీడు సరిపోవును" అని లెక్క కట్టుటకు మనమెవరము? ఆ కీడు ఎవరికి జరిగెనో వారు ఆ మేలుకు వెల చెల్లించుదుమని ఒప్పుకొనలేదు గదా. మేలును మేలుగా, కీడును కీడుగా వ్రాసి, ఆ మనుష్యుని ఆత్మనుగూర్చిన తుదితీర్పును దేవునికే విడిచిపెట్టవలెను.

5. పెద్దలు చెప్పు మూడు అభ్యంతరములు

"అయ్యగారూ, పోయినవారిమీద చెడ్డమాట ఆడకూడదు గదా?" అని పెద్దలు అడుగుదురు. ఈ మాటలో మర్యాద ఉన్నది. చావింట నిలిచి దోషములు ఎంచుట క్రూరత్వము. అయితే చావింట ఆడు మాట వేరు, పదేండ్ల తరువాత అచ్చువేయు పుస్తకము వేరు. పోయినవానిని మనమిక బాధింపలేము. బ్రదికియున్న బాధితురాలిని మాత్రము ఇంకను బాధింపగలము.

"అతని భార్యాబిడ్డల గతి ఏమి?" అనునది రెండవ అభ్యంతరము. ఇది న్యాయమైన ప్రశ్న. తండ్రి దోషమును బిడ్డలమీద మోపరాదని యెహెజ్కేలు 18వ అధ్యాయము నేర్పుచున్నది. కావున విషయమునకు అవసరము లేనిచో కుటుంబమువారి సంగతులు చరిత్రలోనికి లాగరాదు. దేశ చట్టమును దీనిని ఎరుగును. 1860 నాటి శిక్షాస్మృతిలోను, 2024 జూలై 1నుండి దాని స్థానమున అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షనులోను, చనిపోయినవానిమీద అపవాదు వేయుటయు, దాని ఉద్దేశము కుటుంబమువారిని నొప్పించుటయైనచో, పరువునష్టపు నేరము కావచ్చునని యున్నది. నాంపల్లి క్రిమినలు కోర్టులవంటి న్యాయస్థానములలోనే ఇట్టి ఫిర్యాదులు విచారింపబడును. అయితే ప్రజల మేలుకొరకు చెప్పిన నిజము నేరము కాదని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చుచున్నది. చట్టము అడుగు రెండు ప్రశ్నలును వ్రాయువాడు తన్ను తాను అడుగుకొనవలసినవే: ఇది నిజమా? ఇది ఎవరి మేలుకొరకు?

"అతని ప్రసంగమువలన నేను మారితిని, ఇప్పుడు నా విశ్వాసము ఏమగును?" అనునది మూడవది, అన్నిటికంటె నొప్పి గలది. మిమ్మును మార్చినది వాక్యమే గాని అది మోసికొనివచ్చిన చేయి కాదు. ఏలీయాకు ఆహారము తెచ్చినవి కాకులు. రొట్టె రొట్టెయే, కాకిని పరిశుద్ధమైనదని చెప్పనక్కరలేదు. మిమ్మును పోషించిన రొట్టెకొరకు దేవుని స్తుతించుడి; అందుకొరకు ఒక స్త్రీ కన్నీటిని కాదనకుడి.

6. మన గ్రామములలో ఏమి చేయవలెను?

మనమేమి చరిత్రకారులమా అని మీరనవచ్చును. ఆలయ ప్రతిష్ఠకు, జూబిలీ పండుగకు మనము అచ్చువేయు సావనీరులో దొరలు, దొరసానులు, పాతకాలపు గురువులు, బడి పెట్టించిన పెద్దల చరిత్రలు వ్రాయుచునే యున్నాము. సండేస్కూలులో గొప్పవారి జీవితములు ఉదాహరణగా చెప్పుచునే యున్నాము. కాబట్టి ఈ పని మనదియే.

సావనీరు వ్రాయునప్పుడు "కళంకము లేని జీవితము" అను మాట వాడకుడి. అది మనము ఎరుగగల సంగతి కాదు. ఏ సంవత్సరమున ఏమి చేసెనో అది వ్రాయుడి. చూచినవారు చెప్పినది వ్రాయుడి. తెలిసినంత మాత్రమే చెప్పిన చరిత్ర, తరువాత ఏది బయలుపడినను అబద్ధము కాదు. మితిమీరిన పొగడ్తయే తరువాతి సిగ్గునకు మూలము.

గోడమీద పటమున్న పెద్దనుగూర్చి ఎవరైనను మొరపెట్టుకొన్నయెడల, పటము పడిపోవునని భయపడి వారి నోరు మూయకుడి. మొదట వారిని కూర్చుండబెట్టి వినుడి. సాక్షులను విచారించుడి, సంఘము బయటినుండి నమ్మదగిన వారిని పిలువుడి. బాధించినవాడు ఇంకను బ్రదికియున్నచో పోలీసువారికి తెలుపుటకు వెనుదీయకుడి.

ఇంటనున్న పుస్తకమును కాల్చవలెనా అని కొందరడుగుదురు. రెండు పద్ధతులు కలవు. జకరయస్ గ్రంథములను ప్రచురణకర్తలు నిలిపివేసిరి. జాన్ హొవర్డ్ యోడర్ అను మెన్నొనైటు వేదపండితుని విషయములో మరియొకటి జరిగెను. మహబూబ్‌నగరు ప్రాంతమువారికి మెన్నొనైటు అను పేరు తెలియని పేరు కాదు. యోడర్ 1997లో చనిపోయెను. అతనిమీద అతని సంఘశాఖ బ్రదికియుండగానే క్రమశిక్షణ జరిపించినను, నూరుమందికి మించిన స్త్రీలు బాధింపబడిరని విపులముగా తేలినది 2015లో ప్రకటించిన పరిశోధనలోనే. ఆ సంఘశాఖ ప్రచురణాలయము అతని పుస్తకములలో ఈ సంగతిని తెలుపు ప్రకటనను చేర్చి అచ్చువేయ నిశ్చయించెను. 51వ కీర్తనకు పైనున్న శీర్షికను చదువుడి. పాట నిలిచెను, అది ఏ పాపము తరువాత పుట్టెనో చెప్పు మాటయు దానిమీద నిలిచెను. పాడు ప్రతి తరమును ఆ మాటను దాటియే పాటలోనికి వెళ్లవలెను. ఆ కీర్తన ఒప్పుకోలు, యోడర్ పుస్తకములు ఒప్పుకోలు కావు. అయినను పైన నిజము వ్రాసియుంచుట అను ఆచారము మనకు తగినదే.

కాబట్టి మీ పెట్టెలో అట్టి పుస్తకమున్నచో, ఒక చీటీ వ్రాసి మొదటి పుటకు అతికింపుడి. ఇట్లు వ్రాయవచ్చును:

"రవి జకరయస్ (1946–2020): మద్రాసులో పుట్టిన ప్రసంగీకుడు, గ్రంథకర్త. 1984లో తన పేరిట పరిచర్య సంస్థను స్థాపించి అనేక దేశములలో ప్రసంగించెను. అదే కాలములో అతడు పలువురు స్త్రీలను లైంగికముగా బాధించెనని, మరణానంతరము అతని సంస్థయే నియమించిన విచారణలో 2021లో తేలెను. 2017లో ఒక స్త్రీ అతనిమీద చెప్పిన మాటను అతడు నిరాకరించియుండెను. సంస్థ బాధితులను క్షమాపణ వేడుకొనెను."

ఐదే వాక్యములు. ఇందులో తిట్టు లేదు, పొగడ్త లేదు. "అదే కాలములో" అను ఒక్క మాట ఎంత పని చేయుచున్నదో చూడుడి. ప్రసంగమును, పాపమును వేర్వేరు పెట్టెలలో దాచనీయదు.

మీకు వాక్యము బోధించినవారి నడవడి తుదకు ఎట్లు ఫలించెనో శ్రద్ధగా చూడుడని హెబ్రీయుల పత్రిక 13:7 మనలను హెచ్చరించుచున్నది. కడవరకు చూడుమనినవాడు సగము చూపించు చరిత్రను మెచ్చునా? మన పిల్లలకు మహనీయుల కథలు చెప్పుదము, నిండుగా చెప్పుదము. ఎంత గొప్పవాడు చేసినను కీడును కీడని తన సంఘము చెప్పునని ఎరిగిన బిడ్డ, తనకు కీడు జరిగిన దినమున వచ్చి మనతో చెప్పుటకు ధైర్యము తెచ్చుకొనును.

కూటములలో మాటలాడుకొనుటకు ప్రశ్నలు

1. 2 సమూయేలు 11, 12 అధ్యాయములను 1 దినవృత్తాంతములు 20:1–3తో పోల్చి చదువుడి. రెండింటిని దేవుని జనులు ఎందుకు ఉంచుకొనిరి?

2. ఆరోపణకును, విచారణలో తేలినదానికిని భేదమేమి? జేకబ్ అను వర్తకుని సంగతి మనకేమి నేర్పుచున్నది?

3. మీ సంఘపు సావనీరులోని ఒక చరిత్రను తీసి చదువుడి. అందులో చూచినవారు చెప్పినది ఎంత? వట్టి పొగడ్త ఎంత?

4. మన సంఘములో ఒక స్త్రీగాని బిడ్డగాని పేరుగల పెద్దమీద మొరపెట్టుకొనగోరినయెడల, ఎవరియొద్దకు రావలెనో వారికి తెలియునా? తెలియనియెడల ఈ నెలలోనే ఏమి చేయుదురు?